జార్జ్ హారిసన్: గిటారు తరగతిలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

గిటారు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి బీటిల్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం పేరు తెలుసు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఎవరో చెప్పగలరు. అదే బృందంలో గిటారు వాయించిన జార్జ్ హారిసన్ దగ్గరికి వచ్చేసరికి ‘సితార్ వాయించిన ఆయన’, ‘కృష్ణభక్తుడు’, ‘పెద్దగా మాట్లాడేవాడు కాదట’ అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. కాస్త చదువుకున్నవాళ్ళు ‘మై స్వీట్ లార్డ్ కాపీ పాట కదండీ’ అని కూడా అంటారు. పాశ్చాత్య గిటారు నేర్పడం నా వృత్తి. ఈ మాటలు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పాటకు ఎంత కావాలో అంతే వాయించడం గిటారు పట్టినవారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన విద్య. రాక్ సంగీతంలో ఆ విద్యను ఈయన కంటే బాగా చూపించినవారు నాకు కనిపించలేదు.

లివర్‌పూల్‌లో ఒక బస్సు డ్రైవరు ఇంట నలుగురు పిల్లల్లో ఆఖరివాడిగా 1943లో పుట్టారు. 2001 నవంబరు 29న, 58 ఏళ్ళ వయసులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన గురించి నేను తరచూ వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: హారిసన్ మామూలు గిటారిస్టు. వేగం లేదు, ఒళ్ళు జలదరించే సోలోలు (పాట మధ్యలో గిటారు ఒంటరిగా ముందుకొచ్చే భాగాలు) లేవు.

వేగం లేదన్నది నిజమే. దాన్ని లోపంగా లెక్కగట్టడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. హారిసన్ సోలోల్లో ఎక్కువ భాగం అప్పటికప్పుడు తోచింది వాయించినవి కావు. ముందే కూర్చుకుని, పాటలో మరో చరణంలా కుదిరేదాకా దిద్దుకున్నవి. ‘సమ్‌థింగ్’ పాటలోని సోలో వినండి. 1969 ఆగస్టు 15న ఎబీ రోడ్ స్టూడియోలో ఆ పాటకు ఆర్కెస్ట్రాను చేర్చారు. ఆర్కెస్ట్రా వాయిస్తుండగానే హారిసన్ తన సోలోను మళ్ళీ వాయించి రికార్డు చేయించారు. తప్పు దొర్లితే అందరూ మళ్ళీ మొదలుపెట్టాల్సిన పరిస్థితి. అయినా ఆ వాయింపులో ఎక్కడా తొందర వినిపించదు. ఒక పదబంధం వాయిస్తారు, ఊపిరి తీసుకునేంత సేపు ఆగుతారు, తర్వాతిది అందుకుంటారు. తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్ళే చోట ఆ స్వరం గమ్యం చేరే క్షణం కూడా ఆయన నిర్ణయించిందే.

ఈ సోలో నేర్చుకోవాలనుకునేవాళ్ళ చేత ముందు నోటితో పాడిస్తాను. వేళ్ళు వేగంగా తిరిగే కుర్రవాళ్ళు మొదట్లో విసుక్కుంటారు. పాడడం మొదలుపెట్టాక ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాళ్ళకే అర్థమవుతుంది. ఒక స్వరం తీసేసి చూడమంటాను, పాట బోసిపోతుంది. ఒక స్వరం కలిపి చూడమంటాను, ఇరుకుగా అనిపిస్తుంది. మంచి సోలోకు ఇంతకంటే పరీక్ష ఏముంటుంది?

శబ్దం విషయంలోనూ ఆయన చేసింది చిన్న పని కాదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ మొదటిసారి అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లో ఆయన చేతికి పన్నెండు తీగల రికెన్‌బాకర్ ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది. ఆ రకంలో కంపెనీ తయారు చేసిన తొలి గిటార్లలో అదొకటి. ‘ఎ హార్డ్ డేస్ నైట్’ పాట మొదట్లో గణగణమంటూ మోగే ఆ ఒక్క కార్డ్‌లో (ఒకేసారి మోగే స్వరాల గుంపులో) మనకు ప్రధానంగా వినిపించేది ఆ గిటారే. దాని మీద ఇప్పటికీ సంగీతజ్ఞులు వాదులాడుకుంటారు. తాను వాయించింది ఎఫ్ కార్డ్ అనీ, పైన జి స్వరం ఉందనీ హారిసన్ స్వయంగా చెప్పారు. అయితే ఆ గిటారు ఒక్కటే వాయించి చూస్తే రికార్డులోని నిండుదనం రాదు. కింద మెకార్ట్నీ బేస్, పక్కన లెనన్ గిటారు కలిస్తేనే ఆ మోత పుడుతుంది. ఆ కార్డ్ నేర్పమని వచ్చేవారిని ముగ్గురిగా కూర్చోబెట్టి వాయిస్తే గాని వాళ్ళకు నమ్మకం కలగదు.

ఆ శబ్దం అక్కడితో ఆగలేదు. అదే పేరుతో వచ్చిన బీటిల్స్ సినిమా చూశాక అమెరికా గిటారిస్టు రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల రికెన్‌బాకర్ కొనుక్కున్నారు, బర్డ్స్ బృందం శబ్దం అక్కడ మొదలైంది. తర్వాత టామ్ పెటీ దాకా అమెరికా రాక్ సంగీతంలో వినిపించే ఆ గంటల మోతకు మూలం ఇక్కడే ఉంది.

అపోహ: సోలోలు తనకు రాకే తన పాటల్లో వేరేవాళ్ళ చేత వాయించుకున్నాడు.

దీనికి రెండు పాటలు ఆధారంగా చూపిస్తారు. ‘ట్యాక్స్‌మ్యాన్’ పాట రాసింది హారిసన్, అందులో కరుకైన సోలో వాయించింది మెకార్ట్నీ. ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’లో సోలో వాయించింది ఎరిక్ క్లాప్టన్. రెండూ నిజాలే.

రెండో పాట కథ వేరు. 1968లో ఆ పాటను మిగతా ముగ్గురూ పట్టించుకోవడం లేదని హారిసన్‌కు అనిపించింది. సెప్టెంబరు 6న క్లాప్టన్‌ను వెంటబెట్టుకుని స్టూడియోకు తీసుకొచ్చారు. బయటి మనిషి, అందులోనూ అంతటి గిటారిస్టు గదిలో ఉండేసరికి అందరూ శ్రద్ధగా వాయించారు. రికార్డు మీద క్లాప్టన్ పేరు వేయలేదు. తన పాట బాగుపడాలని తన చోటునే స్నేహితుడికి ఇచ్చిన పని అది. మెకార్ట్నీ సోలోలో భారతీయ సంగీతపు వాసన ఉందని హారిసన్ మెచ్చుకున్నారు కూడా. ఎవరు వాయించారన్నది కాకుండా పాటకు ఏది నప్పుతుందన్నది చూసుకునే బృందాల్లో ఇలాంటివి మామూలే.

అపోహ: బీటిల్స్ పాటలన్నీ లెనన్, మెకార్ట్నీ రాసినవే.

బీటిల్స్ విడుదల చేసిన పాటల్లో హారిసన్ రాసినవి 22. సంఖ్య చిన్నదే. ఇద్దరు గొప్ప రచయితలు ఒకే చోట కూర్చుని వారానికో పాట రాస్తుంటే మూడోవాడికి ఒక్కో ఆల్బమ్‌లో ఒకటో రెండో చోట్లు మిగిలేవి. తొలి పాట ‘డోంట్ బాదర్ మీ’ 1963లో, బోర్న్‌మత్‌లో ఒంట్లో బాగోలేక హోటల్ గదిలో పడుకుని ఉన్నప్పుడు రాశారు. అక్కడి నుంచి ఆరేళ్ళలో ‘సమ్‌థింగ్’ దాకా వచ్చారు.

ఫ్రాంక్ సినాట్రా ‘సమ్‌థింగ్’ను గొప్ప ప్రేమగీతమని పొగిడేవారు. అయితే వేదికల మీద దాన్ని లెనన్, మెకార్ట్నీ పాటగా పరిచయం చేసేవారు. అంతటి గాయకుడే పొరబడితే మన పిల్లలను ఏమనగలం? బీటిల్స్ పాటల్లో ఇతర గాయకులు ఎక్కువగా పాడినవాటిలో ‘యెస్టర్‌డే’ తర్వాత చెప్పుకునే పాట అదే. ఇక ‘హియర్ కమ్స్ ద సన్’ సంగతి చూడండి. స్పాటిఫైలో వంద కోట్ల సార్లు విన్న తొలి బీటిల్స్ పాట అదే, 2023లో ఆ గీత దాటింది. అది పూర్తిగా హారిసన్ రచన. కారు ప్రమాదం నుంచి కోలుకుంటున్న లెనన్ ఆ రికార్డులో వాయించనే లేదు.

1969 వసంతంలో ఆఫీసు సమావేశాలతో విసిగిపోయి, ఒక రోజు అటు వెళ్ళకుండా క్లాప్టన్ ఇంటి తోటలో తిరుగుతూ ఆ పాట కట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్ని తేలిక పాట అనుకుని వస్తారు. గిటారు మెడ మీది ఏడో ఫ్రెట్ (లోహపు అడ్డగీత) దగ్గర కేపో అనే బిగింపు పెట్టి, డి కార్డ్ ఆకారం పట్టుకుంటే ఎ మేజర్ వస్తుంది, మొదటి వాక్యం పది నిమిషాల్లో చేతికొస్తుంది. మధ్య భాగం దగ్గర అందరూ ఆగిపోతారు. అప్పటిదాకా నాలుగు దెబ్బల్లో నడిచిన పాట ఉన్నట్టుండి మూడేసి అక్షరాల గుంపుల్లోకి జారుతుంది. పాశ్చాత్య పద్ధతిలో రాస్తే పదకొండు, ఎనిమిది, ఏడు చొప్పున మాత్రలు వస్తాయి. అదే వాక్యం మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, ఆఖరికి మామూలు నడకలోకి వచ్చి వాలుతుంది. హిందుస్తానీలో తిహాయీ, మన మృదంగంలో ముక్తాయింపు లాంటి, లయ ముక్కను తిప్పి తిప్పి ముగించే పద్ధతులు విన్న చెవికి ఈ లెక్క కొత్తగా అనిపించదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయి చేత్తో తాళం వేసి ఆ భాగాన్ని వెంటనే పట్టేసింది. ఏళ్ళుగా గిటారు వాయిస్తున్న మరొకరు అదే చోట తడబడ్డారు. సితార్ దగ్గర నేర్చుకున్నది ఆయన పాటల్లోకి ఎలా ఇంకిందో చెప్పడానికి నేను మొదట చూపించేది ఈ భాగమే.

బీటిల్స్ పక్కన పెట్టిన పాటలు ఆయన దగ్గర పేరుకుపోయాయి. ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’ 1966 నాటికే రాసి పెట్టుకున్నది. బృందం విడిపోయాక 1970 నవంబరులో అవన్నీ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ పేరుతో మూడు రికార్డుల సెట్‌గా వచ్చాయి. మూడో రికార్డు స్నేహితులతో కలిసి సరదాగా వాయించినది, అది నాకు అంతగా పట్టదు. మొదటి రెండు మాత్రం నా దృష్టిలో బీటిల్స్ సభ్యులు విడివిడిగా చేసిన పని అంతటిలోకీ పై మెట్టు.

అపోహ: సితార్ ఆయనకు ఒక మోజు. (దీనికి పూర్తి వ్యతిరేకంగా: ఆయన సితార్ విద్వాంసుడు.)

రెండూ తప్పే. 1965లో బీటిల్స్ రెండో సినిమా షూటింగ్‌లో భారతీయ రెస్టారెంటు దృశ్యం ఒకటుంది. అక్కడున్న వాద్యకారుల చేతిలో సితార్ చూసి హారిసన్ ఆసక్తి పెంచుకున్నారు. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో చౌకరకం సితార్ కొని, అదే ఏడాది అక్టోబరులో ‘నార్వీజియన్ వుడ్’లో నాలుగు స్వరాలు పలికించారు. సితార్ విద్వాంసుడు రవిశంకర్‌కు ఆ వాయింపు నచ్చలేదు. ఆ మాట ఆయన దాచుకోలేదు.

1966 జూన్‌లో ఇద్దరూ లండన్‌లో కలిశారు. ఆ తొలి రోజుల్లో ఒకసారి పాఠం మధ్యలో ఫోన్ మోగింది. హారిసన్ లేచి, కింద ఉన్న సితార్‌ను దాటుకుని వెళ్ళబోయారు. రవిశంకర్ ఆయన కాలి మీద చిన్నగా తట్టి, వాయిద్యాన్ని మరింత గౌరవించాలని చెప్పారు. మన ఇళ్ళల్లో వీణ నేర్చుకునే పిల్లలకు ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకుంటారు. అప్పటికి ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధ బృందంలో సభ్యుడైన 23 ఏళ్ళ యువకుడు ఆ తట్టుకు నొచ్చుకోలేదు. జీవితాంతం ఆ సంగతి గౌరవంగా చెప్పుకున్నారు. ఆయన మీద నాకున్న ప్రేమలో సగం ఇందుకే.

అదే ఏడాది సెప్టెంబరులో బొంబాయి వచ్చి ఆరు వారాలు ఉన్నారు. కింద కూర్చుని సితార్ పట్టుకోవడానికి తుంటి సహకరించక యోగాసనాలు నేర్చుకున్నారు. రవిశంకర్ శిష్యుడు శంభు దాస్ దగ్గర సాధన చేశారు. బొంబాయిలో ఆయన ఉన్నారని తెలిసి జనం గుమిగూడడంతో అందరూ కాశ్మీరుకు వెళ్ళి, శ్రీనగర్‌లో పడవ ఇంట్లో పాఠాలు సాగించారు.

ఈ సాధన ఫలితం 1967లో వచ్చిన ‘వితిన్ యు వితౌట్ యు’. లండన్‌లో ఉన్న భారతీయ వాద్యకారులు దిల్‌రుబా, తబలా, తంబురా, స్వరమండలం వాయించారు. మిగతా ముగ్గురు బీటిల్స్‌లో ఒక్కరూ ఇందులో లేరు. దిల్‌రుబా కమాను ఒక స్వరం నుంచి మరొకదానికి జారే తీరును పాశ్చాత్య వయొలిన్లు అనుసరించేలా బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ స్వరాలు రాశారు. ఆ వయొలిన్ వాద్యకారులకు అది కష్టమైన పనే. 1968 జనవరిలో బొంబాయిలోని స్టూడియోలో రికార్డు చేసిన ‘ది ఇన్నర్ లైట్’కు వాయించినవారిలో వేణువు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా ఉన్నారు. మన దేశం గర్వంగా చెప్పుకునే ఆయన అప్పటికి యువకుడు.

ఇంత చేశాక, 1968లోనే ఆయన సితార్ సాధన ఆపేశారు. సితార్‌లో పైకి రావాలంటే చిన్నప్పుడే మొదలుపెట్టి ఉండాలని, తన వేళ్ళు పుట్టి పెరిగింది గిటారు మీదనేనని గ్రహించారు. ఆ నిజాయితీ ముందు మోజు అన్న మాట నిలవదు. మోజైతే వేదికల మీద సితార్ పట్టుకుని పదేళ్ళు తిరిగేవారు, అడగడానికి ఎవరూ లేరు. ఆయన వాయిద్యాన్ని పక్కన పెట్టి, అందులో విన్నదాన్ని గిటారులోకి తెచ్చుకున్నారు.

తెచ్చుకున్న దారి స్లైడ్. 1969 చివర్లో డెలనీ, బానీ దంపతుల బృందంతో ఐరోపాలో తిరుగుతున్నప్పుడు ఆయన స్లైడ్ వాయించడం మొదలుపెట్టారు. వేలికి గొట్టం తొడుక్కుని, తీగను ఫ్రెట్ మీదకు నొక్కకుండా, పైన ఆనించి జరుపుతారు. ఫ్రెట్ల అడ్డు తొలగిపోతుంది కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న జాగా అంతా చేతికి అందుతుంది. అమెరికా బ్లూస్ వాద్యకారులు దీన్ని గరుకుగా, రంపం కోసినట్టు వాయిస్తారు, దాని అందం దానిది. హారిసన్ స్లైడ్ అలా ఉండదు. స్వరాన్ని కింది నుంచి అందుకుని, మెల్లగా ఊగించి, గమకం తీసినట్టు వదులుతారు. రెండు స్వరాలు వింటే చాలు, ఎవరు వాయిస్తున్నారో తెలిసిపోతుంది.

అపోహ: ‘మై స్వీట్ లార్డ్’ దొంగిలించిన పాట, కోర్టే తేల్చింది.

కోర్టు తేల్చింది ఏమిటో సరిగ్గా చూద్దాం. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం ‘హీ ఈజ్ సో ఫైన్’ పాట పాడింది. రచయిత రానీ మ్యాక్. 1970లో హారిసన్ పాట వచ్చి ప్రపంచమంతా మోగాక, ఆ పాత పాట హక్కులున్న బ్రైట్ ట్యూన్స్ కంపెనీ దావా వేసింది. 1976లో న్యూయార్క్‌లో న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ తీర్పు ఇచ్చారు. ఆయన స్వయంగా స్వరకర్త కావడంతో తీర్పులో పాటను స్వరాలుగా విడదీశారు.

ఆ స్వరాలను మన పద్ధతిలో రాస్తే ఇలా ఉంటాయి. మొదటి భాగం ‘ప గ రి’, నాలుగు సార్లు. రెండో భాగం ‘ప ధ స ధ స’. పాత పాటలో ఇది నాలుగు సార్లు, హారిసన్ పాటలో మూడు సార్లు. రెండో భాగంలో ఒక చోట ‘ప ధ స ధ రి స’ అని చిన్న రిషభం వచ్చి చేరుతుంది, అదీ రెండింట్లోనూ వినిపించింది. ఒకసారి గొంతెత్తి పాడి చూడండి. స రి గ ప ధ అన్నీ మోహన రాగ స్వరాలే. ఈ అయిదు స్వరాల్లో ప్రపంచంలో ఎన్ని జానపదాలున్నాయో లెక్కలేదు. విడివిడిగా ఈ ముక్కలు ఎవరి సొత్తూ కావు. ఒకే వరుసలో, ఇన్నేసి సార్లు, ఆ రిషభంతో సహా రావడమే హారిసన్ కేసును దెబ్బతీసింది.

అయితే ఆయన కావాలని తీసుకోలేదని అదే న్యాయమూర్తి అన్నారు. ఎప్పుడో విన్న పాట మనసు అట్టడుగున ఉండి, తనకు తెలియకుండానే పైకి వచ్చిందన్నది తీర్పు సారాంశం. తెలియక వాడినా చట్టం దృష్టిలో అది హక్కుల ఉల్లంఘనే. దొంగతనం అన్న మాటకూ దీనికీ చాలా దూరం ఉంది. తనకు స్ఫూర్తి ఎడ్విన్ హాకిన్స్ బృందం పాడిన ‘ఓ హ్యాపీ డే’ అనే క్రైస్తవ భక్తిగీతమని హారిసన్ చెబుతూ వచ్చారు.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. కేసు మొదలైనప్పుడు హారిసన్ మేనేజరుగా ఉన్న అలెన్ క్లైన్, ఆ తర్వాత 1978లో బ్రైట్ ట్యూన్స్ హక్కులనే కొని, తన పాత క్లయింటు మీద అదే దావాను కొనసాగించారు. క్లైన్ ఇందులో లాభం చేసుకోకూడదని 1981లో కోర్టు తేల్చింది. ఆయన పెట్టిన 5,87,000 డాలర్లు మాత్రం హారిసన్ చెల్లించి హక్కులు తీసుకోవాలంది. చిక్కుముడులు 1990ల దాకా సాగాయి. ‘కోర్టే తేల్చింది’ అనేవారు ఈ రెండో తీర్పు గురించి ఒక్క మాటైనా అనరు.

ఇన్నిటి మధ్య పాటలో ఆయన చేసిన సాహసం మరుగున పడుతుంది. కోరస్ మొదట ‘హల్లెలూయా’ అంటుంది, జనం దానికి అలవాటు పడ్డాక నెమ్మదిగా ‘హరే కృష్ణ’లోకి మారుతుంది. ఇంకా ముందుకు వెళ్తే ‘గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః’ వినిపిస్తుంది. మన పిల్లలు బడిలో చెప్పే శ్లోకం ఇంగ్లండు, అమెరికా రేడియోల్లో అన్నిటికంటే పైన నిలిచిన పాటలో ఉందని చెబితే తరగతిలో ఎవరూ నమ్మరు. వినిపిస్తాను, అప్పుడు నమ్ముతారు.

అపోహ: బంగ్లాదేశ్ కచేరీ డబ్బు ఎవరో మింగేశారు.

1970 నవంబరు తుపాను, ఆ వెంటనే 1971 మార్చి నుంచి యుద్ధం తూర్పు బెంగాల్‌ను ముంచేశాయి. లక్షల మంది శరణార్థులై మన దేశానికి వచ్చారు. రవిశంకర్ బెంగాలీ, ఆయన గురువు అల్లాఉద్దీన్ ఖాన్ పుట్టింది అక్కడే. చిన్న కచేరీ ఏదైనా చేద్దామని ఆయన హారిసన్‌ను అడిగారు. హారిసన్ కొన్ని వారాల పాటు ఫోన్ దగ్గరే కూర్చుని స్నేహితులందరినీ పిలిచారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ప్రదర్శనలు జరిగాయి. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, లియాన్ రస్సెల్, బిల్లీ ప్రెస్టన్ వచ్చారు. మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వాయించారు. వాళ్ళు శ్రుతి చేసుకోవడం ఆపగానే జనం చప్పట్లు కొట్టారు, రవిశంకర్ నవ్వుతూ, శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే అసలు వాయింపు ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు.

టిక్కెట్ల మీద వచ్చిన దాదాపు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు అందాయి. చిక్కు వచ్చింది రికార్డు, సినిమా ఆదాయంతో. కచేరీకి ముందే దాన్ని ధార్మిక కార్యక్రమంగా నమోదు చేయించకపోవడంతో అమెరికా పన్ను శాఖ ఆ డబ్బును ఏళ్ళ తరబడి ఆపింది. తప్పు ఏర్పాట్లలో జరిగింది, హారిసన్ నీతిలో కాదు. డబ్బు ఆలస్యంగానైనా వెళ్ళింది. 1985 నాటికి దాదాపు 1.2 కోట్ల డాలర్లు చేరినట్టు అప్పటి పత్రికలు రాశాయి. ఆకలితో ఉన్నవారికి పద్నాలుగేళ్ళ ఆలస్యం ఎంత ఘోరమో చెప్పనక్కర్లేదు, ఆ బాధ ఆయన్ను వదల్లేదు. ఈనాటికీ ఆ రికార్డు, సినిమా ఆదాయం ఆయన పేరున ఉన్న యునిసెఫ్ నిధికి వెళ్తోంది. రాక్ సంగీతకారులు ఇంత పెద్ద ఎత్తున సహాయ కచేరీ చేయడం అదే మొదలు. తర్వాత వచ్చినవన్నీ ఈ దారిలో నడిచినవే.

అపోహ: మౌని, విరాగి. లోకంతో పట్టులేని మనిషి.

‘మౌన బీటిల్’ అన్నది పత్రికలు తగిలించిన పేరు. 1962 జూన్‌లో తొలిసారి స్టూడియోకు వచ్చినప్పుడు, మీకు ఇక్కడ నచ్చనిది ఏమైనా ఉంటే చెప్పండని నిర్మాత జార్జ్ మార్టిన్ అడిగారు. మీ టై నచ్చలేదని చెప్పింది పంతొమ్మిదేళ్ళ హారిసనే. ఫార్ములా వన్ కారు పందేలంటే ప్రాణం. మాంటీ పైథాన్ హాస్య బృందం సినిమాకు పెట్టుబడి పెట్టాల్సిన కంపెనీ చివరి నిమిషంలో తప్పుకుంటే, తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చారు. హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ అనే నిర్మాణ సంస్థ అలా పుట్టింది. 1988లో బాబ్ డిలన్, రాయ్ ఆర్బిసన్, టామ్ పెటీ, జెఫ్ లిన్‌లను ఒక్కచోట చేర్చి ట్రావెలింగ్ విల్బరీస్ బృందం కట్టారు. తన సింగిల్ వెనక వైపు వేయడానికి ఒక పాట కావాల్సి వచ్చి మొదలైన పని అది.

భక్తి మాత్రం నటన కాదు. 1968లో రిషికేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమం నుంచి గొడవపడి వచ్చేశాక ధ్యానం వదిలేశారని కొందరు రాస్తారు. 1992లో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో ఆ మహర్షి అనుయాయుల రాజకీయ పార్టీ కోసం కచేరీ చేసిన మనిషి వదిలేసినట్టా? లండన్ దగ్గర హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఇస్కాన్ వారి భక్తివేదాంత మేనర్ ఆయన 1973లో కొని ఇచ్చిన ఆస్తి. తన పుస్తకాన్ని ప్రపంచంలోని తోటమాలులందరికీ అంకితమిచ్చారు. హెన్లీలో తన ఇంటి చుట్టూ పాడుబడిన తోటను ఏళ్ళ తరబడి స్వయంగా బాగుచేసుకున్నారు. విరాగి కంటే గృహస్థు అన్న మాటే ఆయనకు సరిపోతుంది.

అపోహ: 1980ల తర్వాత చెప్పుకోదగ్గది ఏమీ చేయలేదు.

‘గాట్ మై మైండ్ సెట్ ఆన్ యు’ 1988 జనవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఇది ఆయన రాసిందని చాలామంది అనుకుంటారు, రచయిత రూడీ క్లార్క్. సరదా పాట, అంతే.

అసలు విలువైనవి ఆ తర్వాత వచ్చాయి. రవిశంకర్ 1997లో వెలువరించిన ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’కు హారిసన్ నిర్మాత. కొంత మద్రాసులో, మిగతాది హెన్లీలోని ఆయన ఇంట్లో రికార్డు చేశారు. ‘సహనావవతు’, ‘పూర్ణమదః’, ‘అసతో మా సద్గమయ’ అన్నీ అందులో ఉన్నాయి. వేదమంత్రాలను తబలా మోతలో ముంచేయకుండా, గొంతుల చుట్టూ ఖాళీ వదిలి రికార్డు చేసిన తీరు చూడండి. మన దగ్గర వచ్చే భక్తి ఆల్బమ్‌లు చేసేవాళ్ళు ఆ ఒక్క రికార్డునైనా శ్రద్ధగా వినాలి.

చివరి ఆల్బమ్ ‘బ్రెయిన్‌వాష్డ్’ను ఆయన పోయాక కొడుకు ధని, జెఫ్ లిన్ పూర్తి చేసి 2002 నవంబరులో విడుదల చేశారు. అందులో మాటలు లేని ‘మార్వా బ్లూస్’కు గ్రామీ వచ్చింది. పేరులో మార్వా రాగం ఉన్నా రాగాలాపన ఆశించకండి, పాశ్చాత్య కార్డ్‌ల మీద నడిచే స్లైడ్ గిటారు రచన అది.

ఆయన వాయింపు నేర్చుకోవాలని అడిగేవాళ్ళకు నేను చెప్పే వరుస ఇది. ముందు ‘హియర్ కమ్స్ ద సన్’, మధ్య భాగం వచ్చినప్పుడు చేత్తో తాళం వేస్తూ. తర్వాత ‘సమ్‌థింగ్’ సోలో, నోటితో పాడాకే గిటారు మీద. ‘మై స్వీట్ లార్డ్’లో రెండు స్లైడ్ గిటార్లు జంటగా నడుస్తాయి, వాటిని ఇద్దరు విద్యార్థులు కలిసి సాధన చేయాలి. ఒకరు ముందుకు ఉరికితే రెండోవాడి శ్రుతి చెడుతుంది. ‘మార్వా బ్లూస్’ జోలికి కనీసం ఒక ఏడాది స్లైడ్ సాధన చేశాకే వెళ్ళండి. స్వరాలు తేలికే, ప్రతి స్వరాన్నీ కింది నుంచి అందుకునే ఆ జారుడు మాత్రం చెవి బాగా కుదిరితే గాని చేతికి రాదు.